నెలకు 4 వేలతో 5 ఏళ్లలో నాలుగు మంచి వాచీలు: ఏది ముందు, ఏది వెనక?

ఉప్పుగాలి:

జీతం చేతికొచ్చేది 42 వేలు. అందులో నెలకు 4 వేలు వాచీలకని పక్కన పెట్టగలను, 5 ఏళ్లపాటు. అంటే 2,40,000. ఈ డబ్బుతో మూడు గానీ నాలుగు గానీ కొనాలి. అన్నీ మెకానికల్ (బ్యాటరీ లేకుండా స్ప్రింగుతో నడిచేవి) అయితే ఇష్టం. ఒక్కటైనా పదిమందీ గుర్తుపట్టే స్విస్ పేరు ఉండాలి. రోలెక్స్ మీద ఆశ లేదు, ‘ఫస్ట్ కాపీ’ జోలికి అసలు పోను.

మణికట్టు చుట్టుకొలత 16.5 సెంటీమీటర్లు. ఉండేది విశాఖలో, బీచ్‌కి దగ్గర. రోజూ ఆఫీసుకి ఒకటి, పెళ్లిళ్లకీ పండగలకీ ఒకటి కావాలి.

ఏ వరసలో కొనాలి? ఏది కొత్తది, ఏది వాడినది? సర్వీసుకి ఎంత ఉంచుకోవాలి? షోరూంలో టిస్సో పీఆర్‌ఎక్స్ ఆటోమేటిక్‌ని (చేతి కదలికకే దానంతటదే కీ తిరిగేది) 24 నెలల ఈఎంఐలో ఇస్తామంటున్నారు. తీసేసుకోమంటారా?


పదిహేడు రాళ్లు:

ఈఎంఐ సంగతి ముందు తేల్చేద్దాం. 70 వేలకి క్రెడిట్ కార్డు మీద 24 నెలలు, 15 శాతం వడ్డీ అనుకోండి. నెలకు 3,394 చొప్పున మొత్తం కట్టేది 81,450 పైచిలుకు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ఇంకో 2 వేలు. కలిపి 13,500 గాలికి పోయినట్టే. దాదాపు సగం సీకో 5 ధర అది. ‘నో కాస్ట్’ అని బోర్డు పెట్టినా బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మేరకు ధర తగ్గించి చూపిస్తారు. వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మాత్రం మీ నెత్తినే. టిస్సో, సీకో వాచీలకి అధీకృత షాపుల్లో గట్టిగా అడిగితే 5 నుంచి 10 శాతం దాకా తగ్గించడం మామూలే. ఈఎంఐ అన్నారంటే ఆ మాటెత్తే వీలుండదు. రికరింగ్ డిపాజిట్ వేసుకుని, మొత్తం చేతికొచ్చాక వెళ్లండి.

ఇక లెక్క. 4 వేలలో 800 సర్వీసు ఖాతాలో వేసి మర్చిపోండి. మిగిలిన 3,200 కొనడానికి. 60 నెలలకి కొనడానికి 1,92,000, వాటిని బతికించుకోవడానికి 48,000. ఈ రెండో అంకె లేకుండా మొదలుపెట్టేవాళ్ల దగ్గర నాలుగో ఏడుకల్లా రెండు వాచీలు సొరుగులో ఆగిపోయి ఉంటాయి.

మొదటి 10 నెలల్లో ఒక హెచ్‌ఎంటీ జనతా, ఒక సీకో 5. రెండూ కలిపి 31 వేల చుట్టూ. 30వ నెలకి హామిల్టన్ ఖాకీ ఫీల్డ్ మెకానికల్ గానీ పీఆర్‌ఎక్స్ గానీ, 65 వేల దరిదాపు. 58వ నెలకి వాడిన లాంజిన్ (అదీ స్విస్ పేరే), 90 వేల లోపు దొరికితే. మొత్తం 1,86,000. మిగిలిన 6 వేలు పట్టీలకి.

సీకో ముందు ఎందుకంటే, ఆటోమేటిక్‌తో రోజూ బతకడం ఎలా ఉంటుందో చవకలో తెలుస్తుంది. అందులో ఉండే 4ఆర్36 మూవ్‌మెంట్‌కి, అంటే లోపలి యంత్రానికి, 24 రాళ్లు (ఇరుసులు అరగకుండా కాపాడేవి), గంటకి 21,600 బీట్లు (టిక్కులు), నిండా కీ ఇస్తే 41 గంటలు. కీ చేత్తోనూ ఇవ్వచ్చు, కీ లాగితే సెకన్ల ముల్లు ఆగుతుంది. రోజుకి +45 నుంచి −35 సెకన్ల దాకా తేడా రావచ్చని కంపెనీయే చెబుతుంది. కాబట్టి రోజుకి 15 సెకన్లు ముందుకెళ్తే అది లోపం కాదు, రిటర్న్ చేయడానికి పరిగెత్తకండి. గ్లాసు హార్డ్‌లెక్స్, అంటే గట్టి మినరల్. గీతలు పడుతుంది, కానీ కింద పడితే సఫైర్ గ్లాసు కన్నా ఓర్చుకుంటుంది. మీ మణికట్టుకి బెజెల్ (డయల్ చుట్టూ ఉండే రింగు) తిరిగే 42.5 మిల్లీమీటర్ల రకం కన్నా బెజెల్ లేని 40 మిల్లీమీటర్ల రకం నయం. సఫైరే కావాలంటే సిటిజన్ సుయోసా చూడండి, అదీ 40 మిల్లీమీటర్లే, కాకపోతే నీటి హద్దు 50 మీటర్లు.

ఆర్నెల్లు పెట్టుకుంటే తేదీ కావాలా వద్దా, బరువు ఇష్టమా కాదా, శనాదివారాలు పక్కన పెడితే సోమవారం ఆగిపోయి ఉండటం చిరాకా అన్నవి తేలిపోతాయి. 65 వేలు పెట్టే ముందు ఆ జవాబులు మీ దగ్గరుండాలి.

లాభానికి అమ్ముకోవచ్చన్న ఆలోచన ఉంటే ఇప్పుడే తీసేయండి. ఈ ధరల్లో కొత్త వాచీ షోరూం గడప దాటితే కొన్నదానిలో సగానికీ మూడింట రెండు వంతులకీ మధ్యకి పడిపోతుంది. అందుకే ఖరీదైనదాన్ని వాడినదిగా, జనతా తప్ప చవకవి కొత్తవిగా కొనమంటున్నాను.


జుమ్మెరాత్:

హెచ్‌ఎంటీ కాడ జర పైలం. పైన అన్న ‘ఒక జనతా’ అంటే అంత ఈజీ కాదు. ఆన్‌లైన్ల కనిపించే మెరిసేటివి పదిట్ల ఎక్కువ శాతం కొత్త డయల్ ఏసినయి, నాలుగు వాచీల ముక్కలు కలిపి ఒకటి చేసినయి. బెంగళూరుల 1961ల జపాన్ సిటిజన్ తోటి కలిసి మొదలువెట్టిన కంపెనీ అది, 2016ల వాచీల విభాగం మూసేస్తమని సర్కారే చెప్పింది. మరి ఇయ్యాల ‘బ్రాండ్ న్యూ’ నారింజ రంగు డయల్ జనతా ఏడికెళ్లి వస్తది? నారింజ, గులాబి, చిలకపచ్చ డయళ్లు కనిపిస్తే ముట్టకు.

చూసే పద్ధతి చెప్త. 10 రెట్ల లూప్ (కంటికి పెట్టుకునే భూతద్దం) తీస్కో. డయల్ మీద అక్షరాల అంచులు సాఫుగ ఉండాలె. రీప్రింట్ల అంచులు పాకినట్టు ఉంటయి, నిమిషాల గీతలు గంటల గుర్తులకు సూటిగ రావు. డయల్ ముసలిదై ముండ్లు కొత్తగ తళతళ మెరిస్తే ముండ్లు మార్చిండ్రు. అమ్మెటోన్ని ఎనక మూత తీయమని అడుగు. లోపల 0231 (మూవ్‌మెంట్ నంబరు), 17 జ్యువెల్స్ అని ఉండాలె, బ్యాలెన్స్ (అటూఇటూ ఊగే చక్రం) మీద పారాషాక్ స్ప్రింగు (దెబ్బ తగిలితే కాపాడేది) ఉండాలె. మూత తీయనంటే అక్కడితోటి బేరం బంద్. హెచ్‌ఎంటీలనే పైలట్ అనే రకమైతే ఇంక కష్టం, నల్ల డయల్ పైలట్‌లల్ల మళ్ల అచ్చేసినయే ఎక్కువ. దేవనాగరి లిపిల రాసిన జనతాకు గిరాకి ఎక్కువ కాబట్టి దొంగ డయళ్లు గూడ దానికే ఎక్కువ.

హైదరాబాద్‌ల ఎర్రగడ్డ ఆదివారం సంతల, జుమ్మెరాత్ బజార్ల కట్టలు కట్టలు పోసి అమ్ముతరు. అక్కడ మంచిది దొరకదని కాదు, అది నేర్చుకున్నోళ్ల జాగా. మొదటిది అబిడ్స్ దిక్కు ఏండ్లకేండ్లుగ రిపేర్ చేస్తున్న ముసలాయన కాడ, ‘మీ కాడ సర్వీస్ చేసినది ఉంటే ఇయ్యి’ అని అడిగి తీస్కో. పాత డయల్ మీద చిన్న మచ్చ ఉంటే ఉండనీ, అదే అసలు. నడవని ఇంకో జనతా గూడ చవకల తీసి పెట్టుకో, రేపు సామాన్లకు పనికొస్తది.

ఇంకోటి. కొనే ముందు ఇంట్ల సందుగ దేవులాడు. తాతల నాటి ఫావర్ లూబా, వెస్ట్ ఎండ్, క్యామీ అసుంటివి చానా ఇండ్లల్ల పడి ఉన్నయి. అది దొరికితే నీ మొదటి వాచీ పైస లేకుంట వచ్చినట్టే. దానికి మాత్రం ‘డయల్ కొత్తగ చేపిస్త’ అని ఎవడన్న అంటే ఊకోకు.


లూప్ కింద:

సర్వీసు గురించి. ఎంతవుతుంది అని కాకుండా ముందు ఏం చేస్తారో అడగండి. 300 తీసుకుని ‘ఆయిలింగ్’ అని చేసేది సర్వీసు కాదు. మూత తీసి, మూవ్‌మెంట్ విప్పకుండా పెట్రోలులో ముంచి, ఆరబెట్టి, సూదితో నాలుగు చుక్కలు వేస్తారు. కరిగిన పాత జిడ్డంతా ఇరుసుల దగ్గరికే చేరుతుంది. రెండు నెలలు బ్రహ్మాండంగా తిరుగుతుంది, ఆ తర్వాత ఆ మురికే ఇరుసుల్ని ఆకురాయిలా అరగదీస్తుంది.

అసలు సర్వీసులో మూవ్‌మెంట్ మొత్తం విప్పి, అల్ట్రాసోనిక్‌లో కడిగి, మళ్లీ కూర్చేటప్పుడు చోటును బట్టి నూనె మారుతుంది. వేగంగా తిరిగే సన్నని ఇరుసులకి మోబియస్ 9010 అనే నూనె. నెమ్మదిగా తిరుగుతూ బరువు మోసే వాటికి డీ5 గానీ హెచ్‌పీ1300 గానీ. చక్రాన్ని టిక్‌టిక్‌మని ఆపుతూ వదిలే ప్యాలెట్ రాళ్లకి 9415. కీ కింద ఉండే ముక్కలకి చిక్కటి గ్రీజు. ఆటోమేటిక్ అయితే మెయిన్ స్ప్రింగు ఉండే డబ్బా లోపలి గోడకి వేరే పట్టు గ్రీజు, 8217 లాంటిది. స్ప్రింగు నిండాక దాని కొస ఆ గోడ మీద జారాలి, కానీ నిండకముందు జారకూడదు. ఆ గ్రీజు పోతే ముందే జారి, 41 గంటలు నడవాల్సింది 20 గంటలకే ఆగుతుంది. ‘రాత్రి తీసి పెడితే పొద్దున్నకి ఆగిపోతోంది’ అని వచ్చే ఆటోమేటిక్‌లలో రోజంతా కుర్చీలో కూర్చునేవాళ్లవి కాకుండా మిగిలినవి చాలామటుకు ఇవే. ఎన్ని రకాల ఆయిల్ వాడతారని అడిగి చూడండి. ‘ఆయిలంటే ఆయిలే’ అన్నారంటే వాచీ పట్టుకుని వచ్చేయండి.

ఇంకో రెండు మాటలు ముందే చెప్పండి: పాలిష్ వద్దు, రబ్బరు రింగులు కొత్తవి వేయండి. పాలిష్ చేసిన ప్రతిసారీ చెవుల (కేసుకి పట్టీ తగిలించే కొమ్ముల) అంచులు గుండ్రమవుతాయి, ఆ లోహం తిరిగి రాదు.

మీ జాబితా చూసి వాచీవారీగా చెప్తాను. జనతా చేత్తో కీ ఇచ్చే సాదా యంత్రం, గంటకి 18,000 బీట్లు. చెయ్యి తిరిగిన ఎవరైనా చేస్తారు. సీకోలోది పాడైతే సర్వీసు కన్నా మొత్తం మూవ్‌మెంట్ మార్చడమే చాలాసార్లు చవక. 4ఆర్36 స్థానంలో ఎన్‌హెచ్36 అచ్చంగా కూర్చుంటుంది, అదే యంత్రం, పేరే వేరు. ఒక మెలిక ఉంది. సీకో 5లో కొన్నిటికి కీ డయల్ మీద 4 అంకె దగ్గర ఉంటుంది. అంటే లోపల మూవ్‌మెంటే కొంచెం తిప్పి పెట్టారు, తేదీ అంకెలు ఆ వంపుకి తగ్గట్టు అచ్చయి ఉంటాయి. కీ 3 దగ్గర ఉండే ఎన్‌హెచ్36 తెచ్చి యథాతథంగా పెడితే కిటికీలో తేదీ వంకరగా కనిపిస్తుంది. కాబట్టి మార్చేటప్పుడు పాత వారం, తేదీ చక్రాలు తీసి కొత్తదానికి వేయమనండి.

హామిల్టన్ ఖాకీలో హెచ్-50 ఈటీఏ 2801 వంశంలోది, చేత్తో కీ ఇచ్చేది, 80 గంటలు నడుస్తుంది. పీఆర్‌ఎక్స్‌లోని పవర్‌మాటిక్ 80 ఈటీఏ 2824 నుంచి పుట్టింది. 28,800 బీట్లని 21,600కి దించి 38 గంటల నడకని 80కి పెంచారు. అందులో ముందుకీ వెనక్కీ జరిపే రెగ్యులేటర్ మీట ఉండదు, ఫ్యాక్టరీలోనే లెక్క సరిచేసి పంపుతారు. బయటి మెకానిక్ ‘కొంచెం జరిపి సరిచేస్తా’ అంటే జరపడానికి అక్కడ ఏమీ లేదు. దానికి కంపెనీ సర్వీసు సెంటరే దారి. అది మనసులో పెట్టుకుని కొనండి, చెడ్డ వాచీ అని మాత్రం అనను.

వాడకంలో ఎక్కువ చెడేది తేదీ యంత్రం. రాత్రి 9 నుంచి తెల్లవారుజామున 3 దాకా తేదీ పళ్లు చక్రంతో కలిసి ఉంటాయి. ఆ వేళలో కీతో తేదీ తిప్పితే సన్నని పన్ను విరుగుతుంది. ఆగిన వాచీ రాత్రి చూపిస్తోందో పగలు చూపిస్తోందో తెలియదు కాబట్టి ముందు ముళ్లు కిందికి, 6 దగ్గరికి తెచ్చి, తేదీ మార్చి, ఆ తర్వాత టైము పెట్టండి.


ఉప్పుగాలి:

చాలా థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. వాడిన లాంజిన్ అంటే భయంగా ఉంది, ఏమేం చూడాలి? అమెరికాలో ఉన్న మా బావ వచ్చేటప్పుడు హామిల్టన్ తెస్తానంటున్నాడు, లాభమేనా?


పాత సరుకు:

బావగారి సంగతి. అమెరికాలో బోర్డు మీద ఉన్న ధరకి బిల్లు దగ్గర రాష్ట్రం పన్ను కలుస్తుంది, చాలా రాష్ట్రాల్లో అది తిరిగి రాదు. దుబాయ్ అయితే 5 శాతం వ్యాట్‌లో చాలామటుకు పర్యాటకులకి విమానాశ్రయంలో తిరిగిస్తారు. ఇక్కడ దిగాక ఉచిత పరిమితి దాటిన విలువకి సుంకం కట్టాలి. పెట్టె పారేసి చేతికి పెట్టుకుని వస్తే తెలియదులే అన్నది చెడ్డ సలహా. పట్టుకుంటే సుంకంతో పాటు జరిమానా పడుతుంది, పైగా పెట్టె, కార్డు లేని వాచీకి తర్వాత అమ్మకం విలువ పడిపోతుంది. అధీకృత డీలర్ దగ్గర తేదీ వేయించిన అంతర్జాతీయ వారంటీ కార్డు ఉంటేనే ఇక్కడి సర్వీసు సెంటర్ చూస్తుంది. ఆన్‌లైన్‌లో 30 శాతం తక్కువకి అమ్మే గ్రే మార్కెట్ (అధీకృతం కాని) వాళ్లది సొంత వారంటీ, వాచీ తిరిగి వాళ్ల ఊరికే పంపాలి. ఇవన్నీ తీసేశాక మిగిలే లాభం 5 వేల లోపైతే ఇక్కడే కొనండి.

‘స్విట్జర్లాండ్‌తో వాణిజ్య ఒప్పందం వచ్చింది, సుంకం పోతుంది, ఆగు’ అనేవాళ్లూ ఉంటారు. ఆ ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మాట నిజమే. కానీ వాచీల మీద సుంకం 7 ఏళ్లలో విడతలుగా తగ్గుతుంది. ఏటా తగ్గేదాన్ని కంపెనీల ధరల పెంపు మింగేస్తుంది. దాని కోసం ఆగడం దండగ.

లాంజిన్‌లో మీ మణికట్టుకి 39 మిల్లీమీటర్ల హైడ్రోకాంక్వెస్ట్ సరిపోతుంది. నీటి హద్దు 300 మీటర్లు, మరలా బిగించే కీ, సఫైర్ గ్లాసు. ఎల్888 మూవ్‌మెంట్ ఉన్నది చూడండి, కొత్త రకాల్లో సిలికాన్ హెయిర్ స్ప్రింగు (బ్యాలెన్స్ చక్రాన్ని ఊపే సన్నని స్ప్రింగు), 72 గంటల నడక. లాంజిన్‌కి 5 ఏళ్ల వారంటీ ఇస్తున్నారు కాబట్టి 2 ఏళ్లు వాడినది దొరికితే ఇంకా 3 ఏళ్లు కంపెనీ పూచీ ఉన్నట్టే. ఆ మిగిలిన వారంటీకి 10 వేలు ఎక్కువ పెట్టినా తప్పులేదు, ఎందుకంటే మీ సర్వీసు ఖాతా అంతకాలం కదలదు.

చూడాల్సిన వరస ఇది. ముందు కార్డు మీద నంబరు, కేసు మీద నంబరు ఒకటేనా. ఫొటోలో కాదు, చేతిలో పట్టుకుని. తర్వాత చెవులు: బ్రష్ చేసిన భాగానికీ మెరుపు భాగానికీ మధ్య గీత కత్తిలా ఉండాలి. అది కరిగి గుండ్రంగా ఉంటే పాలిష్ పడింది. వెనక మూత గాడుల దగ్గర గీతలుంటే సరైన పనిముట్టు లేకుండా ఎవరో తెరిచారు. చైను అడ్డంగా పట్టుకుంటే కొంచెం వంగడం సహజం, తాడులా వేలాడితే పిన్నులు అరిగాయి. లింకులు లెక్కపెట్టండి. లావాటి చేతికి సరిచేసి లింకులు పారేసి ఉంటే మీది సన్నని చెయ్యి కాబట్టి మీకు నష్టం లేదు, కానీ ధర తగ్గించడానికి పనికొస్తుంది. బెజెల్ ఒకవైపే తిరగాలి, వదులు ఉండకూడదు.

అక్కడితో పై చూపు అయింది. లోపలికి టైమ్‌గ్రాఫర్ (టిక్కుల చప్పుడు విని నడక కొలిచే యంత్రం) కావాలి. నిండా కీ ఇచ్చి అరగంట ఆగి, డయల్ పైకి ఒకసారి, కిందికి ఒకసారి, కీ కిందికి పెట్టి ఒకసారి చూడాలి. అందులో లిఫ్ట్ యాంగిల్ (మూవ్‌మెంట్‌ని బట్టి పెట్టాల్సిన కోణం) సరిగ్గా పెట్టకపోతే ఆంప్లిట్యూడ్ (బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతోందన్నది) అంకె అబద్ధం చెబుతుంది: ఈటీఏ 2824కి 50 డిగ్రీలు, సీకో 4ఆర్36కి 53. స్విస్ వాచీ పడుకోబెట్టినప్పుడు 270 నుంచి 310 డిగ్రీల మధ్య ఊగితే ఆరోగ్యం. 230కి పడితే ఆయిల్ ఎండింది, సర్వీసు ఖర్చు ధరలోంచి తగ్గించమనండి. సీకో మాత్రం కొత్తదే 240 చూపిస్తే కంగారు పడక్కర్లేదు, దాని తీరే అంత. బీట్ ఎర్రర్ (టిక్కుకీ టాక్కుకీ మధ్య తేడా) 0.8 మిల్లీసెకన్ల లోపు ఉండాలి. ఒక్కో భంగిమలో ఒక్కో లెక్క, మధ్య తేడా 20 సెకన్లు దాటితే ఎప్పుడో కింద పడి ఉండొచ్చు. ఫోన్ యాప్‌తో ముందుకో వెనక్కో తెలుస్తుంది గానీ ఆంప్లిట్యూడ్‌కి దాన్ని నమ్మకండి.

‘ఇప్పుడే సర్వీసు చేయించాం’ అంటే బిల్లు చూపించమనండి. బిల్లు లేకపోతే సర్వీసు కానట్టే లెక్కగట్టండి. వాట్సాప్‌లో అడ్వాన్సు పంపితే కొరియర్ చేస్తాం అనేవాళ్లతో మాట్లాడటమే వృథా. పాత వాచీల వ్యాపారం ఇప్పుడు ఇథోస్ లాంటి పెద్ద షాపులూ చేస్తున్నాయి. ధర కొంచెం ఎక్కువే, కానీ పరీక్ష చేసి, రాతపూర్వకంగా వారంటీ ఇస్తారు. మొదటిసారికి ఆ ఎక్కువ ఇవ్వడమే మంచిది. ఏ ఒక్క కొనుగోలైనా 2 లక్షలు దాటితే పాన్ అడుగుతారు, అంత మొత్తం నగదుగా తీసుకోవడం కుదరదు. మీ లెక్కలో ఆ ఇబ్బంది రాదు.


బోర్లించిన డయల్:

విశాఖ అన్నారు కాబట్టి ఒక మాట. సముద్రం దగ్గర వాచీని చంపేది వాన కాదు, చెమటా ఉప్పూ. కీ మెడ దగ్గర చెమట ఎండి తెల్లగా పేరుకుంటుంది, అక్కడి రబ్బరు రింగు గట్టిపడి బీటలిస్తుంది, అటు నుంచే తడి లోపలికి వెళ్తుంది. ఇంటికి రాగానే 100 మీటర్ల వాచీ అయితే కీ నొక్కి ఉందో లేదో చూసుకుని, మంచినీళ్ల కింద మెత్తటి టూత్‌బ్రష్‌తో చైనూ వెనక మూతా రుద్ది పొడిగుడ్డతో తుడవండి. 50 మీటర్ల హామిల్టన్‌కి తడి గుడ్డ చాలు. జనతాకి పొడి గుడ్డే. దాన్ని వానాకాలంలో బయటికి తీయకండి, ఆ కాలం నాటి కేసులకి నీటి కాపు లేనట్టే.

రెండేళ్లకోసారి రింగులు మార్పించి ప్రెషర్ పరీక్ష చేయించండి. ‘100 మీటర్లు’ అన్న రాత కొన్న రోజుకి నిజం, ఐదేళ్లకి కాదు. ఎండలోంచి ఏసీ గదిలోకి రాగానే గ్లాసు లోపలి వైపు మసక పట్టిందంటే తడి చేరింది. బియ్యం డబ్బాలో పెట్టడం, ఎండలో పెట్టడం వద్దు, ఆ రోజే విప్పించండి. ఉక్కు ముక్కలకి తుప్పు మొదలవడానికి ఎక్కువ టైము పట్టదు, డయల్ మీద పడిన మచ్చ మళ్లీ పోదు.

తోలు పట్టీ విశాఖ వేసవిలో ఒక సీజనుకే కంపు కొడుతుంది. రోజువారీకి స్టీలు చైనుగానీ రబ్బరుగానీ. తోలు పెళ్లిళ్లకి. అదీ బీరువాలో బట్టల మధ్య కాకుండా రంగు మారే సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత గట్టి డబ్బాలో.

ఉన్నట్టుండి వాచీ రోజుకి రెండు మూడు నిమిషాలు ముందుకి పరిగెడితే సర్వీసుకి పట్టుకెళ్లే ముందు ఫోన్‌లో దిక్సూచి తెరిచి వాచీని దగ్గరికి తెండి. సూది గట్టిగా ఊగితే అయస్కాంతం పట్టింది. హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుని పొట్టిదైనట్టు పనిచేస్తోంది, అంతే. టాబ్లెట్ కవరు, స్పీకరు, హ్యాండ్‌బ్యాగ్ అయస్కాంతపు బొత్తాం, ఏదైనా కారణం కావచ్చు. అయస్కాంతం తీసే చిన్న యంత్రం వెయ్యి లోపు దొరుకుతుంది. వాచీ దాని మీద పెట్టి, బటన్ నొక్కి పట్టుకుని, వాచీని మెల్లగా చెయ్యి చాచినంత దూరం తీసుకెళ్లాక బటన్ వదలాలి. దగ్గరుండగా వదిలితే ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది.

హామిల్టనా పీఆర్‌ఎక్సా అన్న దగ్గర పైవాళ్లెవరూ తేల్చలేదు. బీచ్ పక్కన చెమటపట్టే మనిషికి 100 మీటర్ల స్టీలు చైను పీఆర్‌ఎక్సే నా ఓటు.


పదిహేడు రాళ్లు:

నా ఓటు హామిల్టన్‌కే. 20 మిల్లీమీటర్ల మామూలు చెవులు, ఏ పట్టీ అయినా పడుతుంది. పీఆర్‌ఎక్స్ చైను కేసులోనే కలిసిపోయి ఉంటుంది, మామూలు పట్టీ పట్టదు, పదేళ్ల తర్వాత చైను పోతే ఆ కంపెనీనే అడగాలి. చెమటకి 500 రూపాయల నైలాన్ పట్టీ సబ్బుతో ఉతుక్కోవచ్చు.


ఉప్పుగాలి:

పీఆర్‌ఎక్స్ వైపే మనసు లాగుతోంది. 35 మిల్లీమీటర్లది తీసుకోవాలా, 40ది తీసుకోవాలా?


లూప్ కింద:

డయల్ కొలత చూసి నిర్ణయించకండి. మణికట్టు పైభాగం మీద స్కేలు అడ్డంగా పెట్టి, చదునుగా ఉన్నంత మేర కొలవండి. 16.5 చుట్టుకొలతకి మామూలుగా 50 మిల్లీమీటర్లు అటూఇటూ వస్తుంది. తర్వాత షోరూంలో పీఆర్‌ఎక్స్ 40ని బల్ల మీద పెట్టి, రెండు వైపులా కిందికి వంగడం మొదలయ్యే చోటు నుంచి చోటు దాకా కొలవండి. మొదటి లింకు వంగదు కాబట్టి అది కేసు పొడవు కిందే లెక్క. ఆ అంకె మీ చదును కన్నా ఎక్కువైతే చైనుకీ చేతికీ మధ్య సందు కనిపిస్తుంది, రోజంతా అటూ ఇటూ తిరుగుతుంది. అప్పుడు 35 తీసుకోండి. దానిలోనూ పవర్‌మాటిక్ 80 వస్తుంది, క్వార్ట్జ్‌ది (బ్యాటరీతో నడిచేది) కూడా ఉంది కాబట్టి బిల్లు వేసే ముందు డయల్ మీద ‘పవర్‌మాటిక్ 80’ రాసి ఉందో లేదో చూసుకోండి.